ఒక గీత, ఒక చుక్క, ఇంకేమీ లేదు

పోయిన నెల ఒక పెళ్లికి వెళ్లి, సోమందేపల్లె దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన హోటల్లో దిగాల్సి వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడంత బొమ్మ. బొమ్మ అని నేను మర్యాదకు అంటున్నాను. తెల్లటి గుడ్డ, దాని మీద అడుగున బూడిదరంగు గీత ఒకటి, మూలన ఎర్రటి మరక ఒకటి. అంతే. కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో రాసి ఉంది: ఇది మినిమలిస్ట్ చిత్రమట, అంటే ఎంత తక్కువ గీస్తే అంత గొప్పట, తూర్పు పడమరల కళా సంప్రదాయాలు ఇందులో కలిసి ప్రవహిస్తున్నాయట. దాని మీదికి మూడు చిన్న దీపాలు. కరెంటు పోయినా ఆ మూడు దీపాలు మాత్రం ఆరవని కౌంటరులో కూర్చున్న ఆయన గొప్పగా చెప్పాడు.

నాకు నవ్వొచ్చింది. వచ్చింది ఆగలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఎందుకట్ల నవ్వేది? అందరూ చూస్తాండారు" అంది. ఇలాంటి బొమ్మనే మా బడిలో ఒకాయన ఎప్పుడో వేశాడు. ఏసీ లేదు, ఇత్తడి రేకు లేదు, దీపాలు అసలే లేవు. ఆ బొమ్మను మేము ఏం చేశామో చెబితే ఈ హోటలు వాళ్లు నాకు గది ఇచ్చేవాళ్లు కారు. నోరు మూసుకుని తాళం చెవి తీసుకున్నాను.

ఆయన మా హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. పామిడికి పది కిలోమీటర్ల లోపే ఉన్న ఒక ఊరు. తొంభైల చివర్లో నేను అక్కడికి లెక్కల అయ్యవారిగా వెళ్లేసరికి ఆయన బడిలోని బెంచీలన్నిటికంటే పాతవాడు. రిటైరై వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఆయన పోయాడు. పోయిన సంగతి నాకు నాలుగు నెలల తర్వాత, అదీ బస్సులో పక్కసీటు మనిషి ద్వారా తెలిసింది. సంతాపసభ పెట్టాలని ఎవరికీ తోచలేదు. పెట్టినా ఆయన వచ్చిన వాళ్లలో సగం మందిని బయటికి పంపించమనేవాడు.

పొట్టి మనిషి. ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసి ఉండేది. అది జబ్బో, చూసే పద్ధతో నాకు చివరిదాకా తెలియలేదు. మీరు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే బొటనవేలు పైకెత్తి మీ ముక్కును కొలిచేవాడు. కొలత తేలాక "ఊ" అనేవాడు. ఆ "ఊ" విన్నవాడికి ఇంటికెళ్లి అద్దం చూసుకోవాలనిపించేది.

పీరియడు నలభై ఐదు నిమిషాలు. అందులో ముప్పై నిమిషాలు ఆయన నల్లబల్ల తుడిచేవాడు. మొదట పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ, ఆ తర్వాత బల్ల ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడటం. ఆరాక సుద్దముక్కతో ఒకే ఒక గీత గీసేవాడు. కుండ. నిజం చెప్పొద్దూ, అది కుండే. మూతి ఎక్కడ మొదలైందో అడుగు ఎక్కడ తిరిగిందో తెలియకుండా, చెయ్యెత్తకుండా గీసిన కుండ. పిల్లలు దాన్ని దించుకునేలోపు బెల్లు మోగేది. తర్వాతి పీరియడు నాది. అంత శుభ్రమైన బల్ల మీద లెక్కలు చెప్పే భాగ్యం జిల్లాలో ఇంకే అయ్యవారికీ దక్కి ఉండదు.

"ఎక్కువైంది, తీసెయ్." ఇదీ ఆయన నోట్లో నానే మాట. పిల్లవాడు ఇల్లు గీసి తెస్తే కిటికీ తీసెయ్యమనేవాడు. కిటికీ తీస్తే గడప, గడప తీస్తే చుట్టూ పూలమొక్కలు. ఒకడు తెలివి ఉపయోగించి ఖాళీ కాగితం ఇచ్చాడు. అంతా తీసేసినాను సార్ అన్నాడు. ఆయన మురిసిపోయి నూటికి నూరు వేస్తాడని మేమంతా ఎదురుచూశాం. సున్నా వేశాడు. "ఏం తీసెయ్యాలో తెలియాలంటే ముందు ఏముండాదో గియ్యాల్ల కదప్పా. నువ్వు తీసెయ్యలేదు, ఊరికే కూర్చున్నావు" అన్నాడు.

సెలవు చీటీ మీద "రేపు రాను" అని రాసేవాడు. కింద సంతకం, అదీ ఒక గీతే. మా హెడ్మాస్టరు నియమాల మనిషి. "కారణమేది? అయ్యా అనేది యాడ పోయింది? విధేయుడు యాడ?" అని ఆ చీటీని అందరి ముందూ ఊపేవాడు. "రానని తెలిసింది గదా సార్?" అనేవాడు ఈయన. రెండు మూడుసార్లు గొడవపడ్డాక హెడ్మాస్టరే ఆ చీటీ మీద విధేయుడు అని తన చేత్తో రాసి ఫైల్లో పెట్టుకోవడం మొదలెట్టాడు.

ఉగ్గాని తినేటప్పుడూ అదే వరస. బడి ఎదురుగా ఒకామె ఉగ్గాని, బజ్జీ, టీ అమ్మేది. ఈయన ప్లేటు ముందుపెట్టుకుని కరివేపాకు ఒక పక్కకు, మిరపకాయలు ఒక పక్కకు, ఎర్రగడ్డలు ఒక పక్కకు తీసి, మిగిలింది తినేవాడు. "సారు తినేది ఉగ్గాని కాదు, తడిబొరుగులు. దానికి నేనెందుకు ఇంత తిరగమాత పెట్టేది?" అని ఆమె రోజూ అడిగేది. "నువ్వు పెట్టకపోతే నేను తీసేసేకి ఏముంటాది?" అని ఆయన రోజూ చెప్పేవాడు.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. గోడలకు మేకు కూడా లేదు. ఒక మంచం, ఒక చాప, ఒక పెట్టె, ఒక కుండ. ఆయన భార్య నవ్వుతూ మజ్జిగ ఇచ్చింది. "చూడప్పా, ముప్పై ఏండ్లుగా ఈయప్ప ఒక్కొక్కటే తీసేస్తా వచ్చినాడు. ఇంగ మిగిలింది నేనే. నన్ను మాత్రం తీసేసేకి చేతకాలేదు" అంది. ఆయన తల వంచుకుని చాప అంచు సరిచేశాడు.

ఇక తూర్పూ పడమరల సంగతి. పడమర ఆయనకు మద్రాసు పేవ్‌మెంటు మీద దొరికింది, అట్ట చిరిగిన ఒక బొమ్మల పుస్తకం రూపంలో. అందులో పేజీకి పేజీ తెల్లగా ఉండేది, ఇంకో పేజీ అంతా నల్లగా ఉండేది. అవి పెద్ద పెద్ద వాళ్లు వేసిన బొమ్మలట. హెడ్మాస్టరు ఆ పుస్తకం తిరగేసి జాలిపడ్డాడు. "అచ్చు సరిగ్గా పడలేదు సార్. మోసం చేసినాడు వాడు. తిరిగి ఇచ్చేయాల్సింది" అన్నాడు.

తూర్పు పుట్టపర్తిలో దొరికింది. భార్యను తోడ్కొని వెళ్లాడట. ఆమె దర్శనానికి వెళ్తే ఈయన రోడ్డు పక్కన ఒక జపాను ముసలామె కుంచెతో కొండను గీస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు తెలుగు తప్ప ఏదీ రాదు. మూడు రోజులు అలాగే కూర్చున్నాడట. నాలుగో రోజు ఆమె తన పాత కుంచె ఈయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ కుంచె అరిగిపోయాక, అది మేకవెంట్రుకలతో చేసిందని కనిపెట్టి, మా ఊరి గొర్లకాపరి మంద వెంట కత్తెర పట్టుకుని తిరిగాడు. "నా మేకపోతుకు గడ్డం లేకుండా చేసినాడు సారు. సంతలో దాన్ని ఎవురు కొంటారు?" అని ఆ మనిషి బడికి వచ్చి పంచాయితీ పెట్టాడు.

ఉగ్గాని అంగడి దగ్గర కూర్చుని ఆయన మాకు విడమరిచి చెప్పేవాడు. "పడమటోళ్లు గోడకు రంగు పూసి, గోడనే చూడమంటారు. తూర్పోళ్లు జాగా ఖాళీగా వదిలేసి, ఆ జాగాలో నిన్ను తిరగమంటారు. రెండూ మంచివే. రెండూ కలిపి ఒకటి చెయ్యాలప్పా."

"రెండూ కలిపితే ఏమీ మిగలకపోయె కదా సార్" అన్నాడు మా డ్రిల్లు మాస్టరు.

"మాకు తూర్పంటే తాడిపత్రి, పడమరంటే ఉరవకొండ. ఆ రెండూ కలిపేకి బస్సుంది సార్, మీరేం కష్టపడొద్దు" అన్నాన్నేను. అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజుల్లో నేను ఇలాంటివి చాలా అనేవాణ్ణి, ప్రతిదానికీ ఒక టీ దక్కేది.

ఇంత చెప్పిన మనిషి జీవితంలో గీసిందేమిటంటారా? నినాదాలు. మండలాఫీసు వాళ్లు పిలిచినప్పుడల్లా వెళ్లి గోడల మీద అక్షరాలు రాయాలి, డ్రాయింగు మాస్టరు ఉన్నదే అందుకని వాళ్ల నమ్మకం. చిన్న కుటుంబం అని రాసి పక్కన నలుగురి బొమ్మ. చదువే వెలుగు అని రాసి లాంతరు. ఊళ్లోని నీళ్ల ట్యాంకు మీద "నీటిని పొదుపుగా వాడండి" అని ఎంతో అందంగా రాసింది కూడా ఆయనే. ఆ ట్యాంకులోకి నీళ్లు ఎక్కి మూడేళ్లయింది. అంతకంటే పొదుపుగా ఎలా వాడాలో ఎవరికీ తెలియలేదు. అలా ఇరవై ఐదేళ్లు ఎవరెవరివో మాటలు ఎవరెవరి గోడల మీదో రాసి, రిటైరయ్యే సంవత్సరం వచ్చేసరికి ఆయన నన్ను పట్టుకున్నాడు.

"ఒక్క గోడప్పా. నేను పోయేలోపల నాదని ఒక్క గోడ" అన్నాడు.

అప్పుడే మా బడికి సభాభవనం కడుతున్నారు. ఆ చుట్టుపక్కల భూములూ రాజకీయమూ రెండూ ఉన్న ఒక కుటుంబం తమ పెద్దల పేరు మీద కట్టిస్తోంది. ఆ ఇంటి యజమానిని ఊరంతా పెద్దాయన అనేది. ప్రారంభోత్సవ ఏర్పాట్లు బడి తరఫున నా నెత్తిన పడ్డాయి. వేదిక వెనక ఇరవై ఐదు అడుగుల గోడ. "అయ్యవారూ, ఆ గోడ మీద బొమ్మ బాగుండాల్ల. మంత్రి వస్తాండాడు" అన్నాడు పెద్దాయన. నాకు డ్రాయింగు మాస్టరు మొహం గుర్తొచ్చింది. "మా సారు ఉన్నాడన్నా, నేను చూసుకుంటా" అన్నాను. ఆ సంగతి చెబితే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి.

రెండు నెలలు పట్టింది. మొదట మేస్త్రీ పూసిన సిమెంటు పూత అంతా చెక్కేయించాడు. సున్నం తెప్పించి, నానబెట్టి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి తనే పూశాడు. పూసింది ఆరకముందే పెన్న నుంచి ఏరుకొచ్చిన నున్నటి రాళ్లతో రుద్దాడు. ఆ ఏడు కూడా పెన్నలో నీళ్లు లేవు కాబట్టి రాళ్లకు కొదవ లేదు. బడి అయ్యాక రోజూ రుద్దుడే. చూడటానికి వచ్చిన వాళ్లు "గోడకు స్నానం ఇంగా అయిపోలేదా?" అని అడిగి వెళ్లేవాళ్లు. చివరికి ఆ గోడ ఎలా తయారైందంటే, చెయ్యి పెడితే పసిపిల్ల ఒంటిమీద పెట్టినట్టుండేది. దాని మీద మన ఎర్రమన్ను నీళ్లు పల్చగా, ఉందా లేదా అన్నట్టు ఒక పూత.

ప్రారంభోత్సవానికి ఇంక మూడు రోజులున్నాయనగా పొద్దున్నే నన్ను పిలిచాడు. తలుపులన్నీ తెరిచి పెట్టాడు. పెద్ద మేకవెంట్రుకల కుంచెను మసి కలిపిన నీళ్లలో ముంచి, గోడకు ఎడమ కొస దగ్గర మోకాటి ఎత్తున ఆనించి, ఊపిరి బిగబట్టి నడిచాడు. కొసదాకా నడిచాడు. గీత ఎక్కడా వణకలేదు. కుంచె ఆరిపోతున్న చోట గీత దానంతటదే పలచబడింది. తర్వాత చాలాసేపు నేల మీద కూర్చున్నాడు. లేచి, కుడి కొసకు కాస్త ఇవతల, గీత మీద ఒక చుక్క పెట్టాడు. చింతగింజంత చుక్క.

"అయిపోయింది" అన్నాడు.

ఏం అయిపోయిందని అడగబోయి ఆగాను.

"బాగుండాదా?" అని అడిగాడు. ఎవరినీ ఏ రోజూ అలా అడిగిన మనిషి కాదు. నా మొహం వైపే చూస్తున్నాడు.

"శుభ్రంగా ఉండాది సార్" అన్నాను.

దానికే ఆయన పొంగిపోయాడు. ఆ చుక్క ఏమిటని నేను అడగలేదు. మా లెక్కల్లో గీత మీద చుక్క కనబడితే దానికొక అక్షరం తగిలించి, అక్కణ్ణుంచి లంబం గీయమంటాం. మనసులోనే దానికి అక్షరం తగిలించి, నవ్వుకుని వచ్చేశాను. ఎల్లుండి పోయి అనంతపురంలో కుట్టడానికిచ్చిన కొత్త చొక్కా తెచ్చుకుంటానని, ఆ రాత్రికి చెల్లెలి ఇంట్లో ఉండి, ప్రారంభోత్సవం నాటికి భార్యతో కలిసి నేరుగా భవనానికే వస్తానని చెప్పాడు. ఆయనకు కొత్త చొక్కా ఉండటం నేను అంతవరకు చూడలేదు.

ఆయన అనంతపురం వెళ్లిన రోజే పెద్దాయన ఇంటి ఆడవాళ్లు ముగ్గులు వేయడానికీ బూడిదగుమ్మడికాయ కట్టించడానికీ వచ్చారు. వాళ్లతో పెద్దాయన తల్లి, ఆ ఇంటి తరఫున ఏర్పాట్లు చూసే ఆయన బావమరిది. ఆ పెద్దామె గోడ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని, గోడంతా వెతికి చుక్కను పట్టుకుంది.

"దిష్టిచుక్క పెట్టినారు. మంచి పని చేసినారు. బొమ్మ ఎప్పుడు గీస్తారు నాయనా?" అంది.

మాకు చంటిపిల్ల చెక్కిలి మీద చుక్క పెట్టడం ఉంది. కొత్త గోడకు పెట్టడం ఉంది. చూసేవాళ్ల కన్ను మంచి వస్తువు మీద పడకుండా ముందు దాని మీద పడాలని. అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. "నేనే ఒక బొట్టు పెడదామనుకుంటి, సారే పెట్టేసినాడు" అన్నాడు మేస్త్రీ. నున్నటి గోడ సిద్ధంగా ఉంది, దిష్టిచుక్క పెట్టేశారు, ఇక మిగిలింది బొమ్మే. అందరూ నా వైపు తిరిగారు.

బావమరిది నన్ను పక్కకు పిలిచాడు. "ఏమప్పా అయ్యవారూ, రేపు పొద్దున మంత్రి వస్తాండాడు. ఏం, దిష్టిచుక్కకు దండ వేయిస్తావా?"

"అదే బొమ్మ అన్నా" అని నేను అనాలి. మూడే మూడు మాటలు. అంతమంది నా వైపే చూస్తుంటే ఆ మాటలు నోటికి రాలేదు. ఇన్నేళ్లూ ఆయన మీద నేను విసిరిన పరాచికాలన్నీ ఇప్పుడు నా మీద పడతాయని భయమేసింది. ఆ గోడ గురించి నేను సిగ్గుపడ్డాను. ఉన్న మాట చెప్పుకోవాలి కదా.

"ఇంగా పనుంది అన్నా. సాయంత్రానికి అయిపోతాది" అన్నాను.

పామిడిలో బోర్డులు రాసే అంగడి పెట్టుకున్న ఒకతను ఉన్నాడు. మీసాలు, ఇద్దరు పిల్లలు, లారీల వెనక లక్ష్మీదేవి బొమ్మలకు పెట్టింది పేరు. డ్రాయింగు మాస్టరు దగ్గర చదువుకున్నవాడే. మనిషిని పంపితే ఎనామిలు డబ్బాలతో మధ్యాహ్నానికి దిగాడు. లోపలికి వచ్చి, గోడ చూసి, డబ్బాలు కింద పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఇది అయిపోయినట్లుండాదే సార్" అన్నాడు.

అంతమందిలో ఆ మాట అన్నది అతనొక్కడే.

"లేదప్పా. నిన్ను పిలిపించి పూర్తి చేయించమని సారే చెప్పి పోయినాడు" అన్నాను.

అతను నన్నొకసారి చూశాడు. చెప్పులు విడిచి గోడకు దండం పెట్టుకుని పని మొదలెట్టాడు. దీపాలు పెట్టే వేళకు గోడ నిండిపోయింది. మూడు కొండల మధ్య సూర్యుడు వచ్చాడు. మా తాలూకాలో ఎవరూ కలలో కూడా చూడనన్ని కొబ్బరిచెట్లు వచ్చాయి. గడ్డి కరువులో ఎద్దులు అమ్ముకున్న ఊరికి ఏనుగుల్లాంటి రెండు ఎద్దులు వచ్చాయి. అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు, ఆయన గీసిన గీత మీదుగా, నిండుగా పెన్న పారింది. అందులో రెండు హంసలు కూడా. "ఇప్పుడు కళగా ఉండాది" అని పెద్దామె మెటికలు విరిచింది. బావమరిది నా భుజం తట్టాడు.  నిజానికి కళగానే ఉంది, ఏం చేయమంటారు.

మర్నాడు ఆయన కొత్త చొక్కాలో వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. పక్కన భార్య, తలలో కనకాంబరాలు. నేను గుమ్మం పక్కన మైకు సెట్టు వెనక దాక్కున్నాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎప్పుడూ సగం మూసి ఉండే కన్ను కూడా తెరిచి చూశాడు. అది ఎవరి చేతి పనో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇదేనా నువ్వు చెప్పిన గోడ?" అని ఆమె అడిగింది.

"గోడ ఇదే" అన్నాడాయన.

ఇద్దరూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. మంత్రిగారు మాట్లాడుతూ గోడ వైపు చెయ్యి చాపి, ఈ బొమ్మలో ఉన్నట్టే మీ పెన్నలో నీళ్లు పారిస్తామని మాట ఇచ్చారు. చప్పట్లు. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన తాగుతున్న సీసా నీళ్లు కూడా బెంగళూరు నుంచి తెచ్చినవి. తర్వాత ఇంత అందమైన బొమ్మ వేసిన డ్రాయింగు మాస్టరుకు సన్మానం అని హెడ్మాస్టరు పిలిచాడు. ఆయన వెళ్లాడు. శాలువా కప్పించుకున్నాడు. మైకు ముందుకు వచ్చి, "ఈ బొమ్మ నాది కాదు. ఈడ బోర్డులు రాసే నా శిష్యుడిది. కష్టపడి గీసినాడు" అని, జనంలో మూల నిలబడ్డ అతన్ని పిలిచి, తన మీది శాలువా తీసి అతనికి కప్పాడు. అతను తలెత్తలేదు. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎంత గొప్ప గురువు, ఎంత పెద్ద మనసు అని పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది, శిష్యుణ్ణి సత్కరించిన గురువు అని.

 ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కానీ ఆ తర్వాత నుంచి నల్లబల్ల తుడవడం మానేశాడు. ముందురోజు నేను చేసిన లెక్కలు బల్ల నిండా ఉంటే, వాటి మీదే కుండ గీసేవాడు. పిల్లలు "కనపడల్యా సార్" అంటే, "కనపడినంత గీసుకోండి" అనేవాడు. ఆ కుండ చుట్టూ నా కూడికలూ తీసివేతలూ చూస్తూ నేను తర్వాతి పీరియడు మొదలుపెట్టేవాణ్ణి. అలా రెండు నెలలు.

రిటైరైన రోజు సాయంత్రం ఉగ్గాని అంగడి దగ్గర ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె ఇద్దరికీ టీ ఇచ్చింది.

"తప్పు నాదే సార్. మీరు చెప్పినారని వానికి అబద్ధం చెప్పినాను" అన్నాను.

"తెలుసప్పా. వాడు ఆ పొద్దే వచ్చి ఏడ్చిపోయినాడు." గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "చుక్కను చెరిపినారా, మీదనే పూసినారా?"

"మీదనే పూసినాము సార్." అప్పుడు, రెండు నెలలు ఆలస్యంగా, అడిగాను. "అది ఏంది సార్, ఆ చుక్క?"

"నేను చిన్నప్పుడు పెద్ద కరువొచ్చె. మా నాయన బళ్లారి పక్కకు పనికి పోయినాడు. ఉగాదికి వస్తా అని చెప్పి పోయినాడు. నేనూ మా యమ్మా దినామూ ఊరి బయట దిబ్బ మీద కూర్చుని చూస్తాంటిమి. మన పక్క చెట్టా, చేమా? మనిషి అంత దూరంలో ఉన్నెప్పుడే కనపడతాడు. ముందు చుక్క. అంతే. వచ్చినాడు నాయన అనుకుంటాంటిమి. దగ్గరికొచ్చే కొద్దీ కాళ్లొస్తాయి, చేతులొస్తాయి, మొగమొస్తాది. మొగమొచ్చినాక ఇంకెవురో అయిపోతాడు. ప్రతి పొద్దూ ఇంకెవురో."

"ఉగాదికి వచ్చినాడా సార్?"

"ఏ ఉగాదికీ రాలేదు. అందుకే ఆ గోడ మీద ఆడనే నిలబెట్టినా. చుక్కగా ఉన్నంతసేపే ఆయప్ప మా నాయన. ఇంగ దగ్గరికి రానియ్యకూడదు అనుకుంటి."

 ఆయన టీ తాగేసి, గ్లాసు బెంచీ మీద పెట్టి, నా వైపు తిరిగాడు. కోపం లేదు. కొంచెం నవ్వుతున్నాడు కూడా.

"నువ్వు ఆయప్ప మీదికి పెన్న వదిలితివి. మా నాయనకు ఈత రాదప్పా" అన్నాడు.